పైన పెట్టిన మెత్తటి చేప

కాసులమ్మ గంపలో చేపలు ఎలా పేరుస్తుందో పోలమ్మపేటలో ఎవరినడిగినా చెబుతారు. అడుగున నిన్నటి మెత్తబడ్డ చేప, దానిమీద ఐసు, అన్నిటికన్నా పైన ఆ పొద్దున పడవలోంచి దిగిన చేప, మొప్పలు ఎర్రగా, కళ్ళు ఉబ్బి, తనకేమైందో ఇంకా తెలియనట్టు చూస్తూ. పేటలో ఆడవాళ్ళందరూ అలాగే పేరుస్తారు. కాసులమ్మ తల్లీ అలాగే పేర్చింది, ఆవిడ తల్లీ అలాగే పేర్చింది. కూర్మన్నపాలెం జంక్షన్లో స్టీలు ప్లాంటు క్వార్టర్ల అమ్మగార్లు గంప ముందు కూర్చోగానే పైచేప వంక చూడనే చూడరు. చెయ్యి అడుక్కంటా పోనిచ్చి ఒకదాన్ని పైకి లాగి, బొటనవేలితో నొక్కి, "ఇదేంటి కాసులమ్మా, గుంట పడుతోంది?" అంటారు. "అది అడుగుదమ్మా, దానికి ఆ దర కాదు" అంటుంది కాసులమ్మ. ఇద్దరూ నవ్వుకుంటారు. అందులో మోసం ఉందని కొనేవాళ్ళూ అనుకోరు, అమ్మేవాళ్ళూ అనుకోరు.

ఇన్నేళ్ళు గంప ముందు కూర్చుని కూర్చుని ఆవిడకి మనుషుల్ని కూడా అలాగే చూడ్డం అలవాటైపోయింది. వచ్చినవాడు ముందు ఏం చూపిస్తాడో అది వాడి పైచేప. అడుగున ఏముందో చెయ్యిపెట్టి లాగాలి. పేటలో ఏ ఇంటికి సంబంధం వచ్చినా పెళ్ళివారిముందు కాసులమ్మని కూర్చోబెట్టేవారు. గాజువాకనుంచి వచ్చిన ఒక పెళ్ళికొడుకు మంచినీళ్ళు ఇచ్చిన పిల్లకి దండం పెట్టి, గుమ్మం దాటగానే డ్రైవర్ని బూతులు తిట్టాడని కనిపెట్టి ఆ సంబంధం తప్పించింది ఆవిడే. ఆ పిల్ల పేరు, ఆ రోజు ఆ పిల్ల కట్టుకున్న చీర అంచు కూడా కాసులమ్మకి ఇప్పటికీ గుర్తే. పేట పెద్ద అప్పలరాజు వరసకి మేనల్లుడు. "మా అత్త సూపు సూపు కాదు, ఎక్స్‌రే" అనేవాడు. ఆ మాట వింటే కాసులమ్మకి లోపల్లోపల తియ్యగానే ఉండేది.

ఇక షెడ్డు సంగతి.

వేలంపాట షెడ్డు రాకముందు పేట ఆడవాళ్ళు ఇసకలోనే కూర్చుని చేపలమ్మేవారు. ఎండకి అరికాళ్ళు బొబ్బలెక్కేవి, ఐసు గంటలోనే నీరైపోయేది, మధ్యాన్నానికి ఈగలు తప్ప బేరం ఉండేది కాదు. అడిగి అడిగి విసిగిపోయి, ఒకరోజు గంపలు నెత్తిన పెట్టుకుని అందరూ ఊళ్ళోకి పోయి పెద్దాఫీసు మెట్లమీద బైఠాయించారు. ముందు కూర్చుంది కాసులమ్మ. వాసన ఒక్కో మెట్టే ఎక్కి మేడమీదికి చేరిందనీ, పైనున్న దొర ముక్కు మూసుకునే సంతకం పెట్టాడనీ తాయారు ఇప్పటికీ కథలా చెబుతుంది. అలా వచ్చిన షెడ్డది. సిమెంటు స్తంభాలు, సిమెంటు కప్పు, కడుక్కోవడానికి కుళాయి. కాసులమ్మ చోటు ముందు వరసలో, సముద్రంవైపు దూలం కింద. పక్కన ధనశ్రీ, చెల్లెలి కోడలు, ఇంటరుదాకా చదివిన పిల్ల. ఆ పక్కన తాయారు, కాసులమ్మని అప్పా, అంటే అక్కా అని పిలిచే మనిషి.

షెడ్డు కట్టి ఏళ్ళు ఎక్కువ కాకుండానే దూలానికి ఎర్రటి చారలు దిగాయి. కప్పులోంచి నీరు కారి ఉంటుందని వీళ్ళనుకున్నారు. ఎవరో కిళ్ళీ ఉమ్మేసుంటారని తాయారు అంది. అంత ఎత్తుకి ఉమ్మాలంటే వాడికి జీతమిచ్చి పెట్టుకోవచ్చని ధనశ్రీ అంది.

వేట నిషేధం ఎత్తేసి పడవలు మళ్ళీ దిగుతున్న రోజుల్లో, వేలంపాట అయిపోయాక, ఒక పెద్దమనిషి షెడ్డులోకి వచ్చి నిలబడ్డాడు. నెరిసిన గడ్డం, ఇస్త్రీ లేని చొక్కా. ముందు తాయారు గుర్తుపట్టింది.

"ఓలమ్మ, బాసా బాబు కాదేటి? ఈ సెడ్డు కట్టించిన ఇంజనీరు బాబు. ఎన్నాళ్ళయిపోనాది బాబూ, సిక్కిపోనావు."

ఆయన పేరు కరీం బాషా. పాత పట్నంలో, వన్ టౌన్లో ఇల్లు. షెడ్డు కట్టించిన ఆఫీసులో ఇంజనీరుగా చేసి, ఏదో గొడవలో సస్పెండై, ఆపైన ఉద్యోగమే వదిలేసి వచ్చాడని పేటలో చెప్పుకున్నారు. కట్టేరోజుల్లో జీపులో వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఆయనకి ఓ వంజరం పొట్లం కట్టి ఇచ్చేవారు. డబ్బు అడిగేవారు కాదు, ఆయనా ఇచ్చేవాడు కాదు.

"అమ్మా, ఒక మాట చెప్పడానికొచ్చాను" అన్నాడు బాషా. "ఈ షెడ్డు కింద కూర్చోకండి. దీని కాంక్రీటులో బీచి ఇసక కలిపారు, ఇక్కడిదే, మీ కళ్ళముందు ఉన్నదే. ఉప్పు ఇసకకి లోపలి ఇనపచువ్వలు తుప్పుపడతాయి. తుప్పుపడితే ఉబ్బుతాయి, ఉబ్బితే పెచ్చులూడతాయి. ఆ ఎర్రచార అదే. చువ్వలు కూడా వెయ్యాల్సినన్ని వెయ్యలేదు."

కుళాయి కిందున్న ప్లాస్టిక్ డబ్బా నిండి నీళ్ళు పొంగుతున్నాయి.

"మరి నీకెలగ తెలుసు బాబూ?" అంది తాయారు.

"అంతా సరిగా ఉందని సంతకం పెట్టింది నేనే."

"ఉజ్జోగం ఉన్నన్నాళ్ళూ నోట్లో ఏటెట్టుకున్నావు బాబూ? మా వంజరం ముక్కేనా?"

ఆడవాళ్ళు నవ్వారు. ఆయన మొహం కొంచెం కూడా ముడుచుకోలేదు. "అవునమ్మా, అదే పెట్టుకున్నాను. కాంట్రాక్టరు కవరిస్తే అదీ తీసుకున్నాను. చెప్పకుండా దాచుకుని మీ ముందు నిలబడలేను. పై ఆఫీసుకి రాసిచ్చాను. విచారణకి ఒక మేడం వస్తున్నారు. మిమ్మల్ని అడుగుతారు."

ఆయన వెళ్ళాక షెడ్డంతా తేనెపట్టు కదిలినట్టయింది. సస్పెండు చేశారన్న కసితో అంటున్నాడని ఒకరు, పిచ్చెక్కిందని ఒకరు. ధనశ్రీ మాత్రం లేచి వెళ్ళి, ఎర్రచార స్తంభంమీదికి దిగినచోట కత్తిపీట అంచుతో గీకింది. గోరంత పెచ్చు రాలింది. నాలికమీద పెట్టుకుని చూసి, "ఉప్పగుందత్తా" అంది.

"సముద్రం పక్కన కూకున్నాం, నా పైట నాకినా ఉప్పగే ఉంటాది" అంది కాసులమ్మ. అందరూ మళ్ళీ నవ్వారు. ధనశ్రీ నవ్వలేదు.

ఆ సాయంత్రం అప్పలరాజు అరుగుమీద పెద్దలు కూర్చున్నారు. మేడం వచ్చినప్పుడు పేట తరఫున ఒకే మాట చెప్పాలి. బాషాని నమ్మాలా వద్దా? నమ్మితే షెడ్డు మూసేస్తారు, మళ్ళీ ఇసక, మళ్ళీ ఎండ. నమ్మకపోతే, ఆయన చెప్పింది నిజమైతే, కప్పు కింద కూర్చునేది పేట ఆడవాళ్ళే.

"నువ్వు సెప్పత్తా" అన్నాడు అప్పలరాజు. "మడిసినెలగ సూసినావు?"

కాసులమ్మ చుట్ట పక్కన పెట్టింది. "ఒరే అయ్యా, నా గంప మీకందరికీ తెలుసు. పైన మెత్తసేపెట్టి అమ్మినోడిని నా జన్మలో సూడనేదు. ఆ బాబు వస్తూనే ఏటి సూపించినాడు? నాను సంతకమెట్టినాను, నాను కవరు తీసుకున్నాను అన్నాడు. కుళ్ళినదాన్నే పైనెట్టినాడు. కుళ్ళిందే పైనుంటే అడుగునింకేటుంటాది? అంతకన్నా కుళ్ళింది. అది మనకి కనపడకూడదని ఇది సూపిత్తన్నాడు."

అరుగుమీద తలలు ఊగాయి. సముద్రం ఒడ్డున రిసార్టులు లేస్తున్నాయి. షెడ్డు స్థలంమీద ఎవరి కన్నో పడిందనీ, షెడ్డు కూలగొట్టించడానికి ఈయనకి ఎవరో మళ్ళీ కవరు ఇచ్చి ఉంటారనీ ఎవరో అన్నారు. కాసులమ్మ మాటకి ఆ మాట అతికినట్టు సరిపోయింది.

"అత్తా, దాసుకోడానికేటీ లేనోడు కూడా అలగే సెప్తాడు కదా" అంది ధనశ్రీ, మగవాళ్ళ వెనకనుంచి.

"నీకు గంప మొయ్యడమొచ్చి ఎన్నాళ్ళయిందే?" అంది కాసులమ్మ.

తెల్లారి కూర్మన్నపాలెం జంక్షన్లో, బస్సులు ఆగే చోట కాసులమ్మ గంప దింపుకుని కూర్చుంటే, బాషా వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎండలో చెమటలు పట్టిపోయి ఉన్నాడు.

"అమ్మా, నన్ను నమ్మమని అడగను. ఆ రోజు కప్పు పోస్తున్నప్పుడు నువ్వు అక్కడే కూర్చున్నావు, గట్టుమీద. నేను పని ఆపేశాను. నీకు గుర్తుందా?"

కాసులమ్మకి గుర్తులేని రోజు ఏముంది. కాంక్రీటు కలిపే మిషను గడగడలాడుతోంది. ఆ బాబు చువ్వల పోగుమీద చేత్తో కొట్టి ఏదో అరిచాడు, నెత్తిమీది టోపీ తీసి ఇసకలోకి విసిరాడు. కాంట్రాక్టరు వచ్చి భుజంమీద చెయ్యివేసి జీపు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇద్దరూ కొబ్బరిబొండాలు తాగారు. తిరిగొచ్చాక ఆ బాబు టోపీ దులుపుకుని పెట్టుకున్నాడు, మిషను మళ్ళీ తిరిగింది.

"గురుతుంది" అంది.

"చువ్వలు తక్కువేస్తున్నారని ఆపాను. తరవాత నోరు మూసుకున్నాను, అదీ నిజమే. మేడం అడిగితే నువ్వు చూసింది చూసినట్టు చెప్పు చాలు. వేరే సాక్షి ఎవరూ లేరు."

"సూద్దాం బాబూ" అంది కాసులమ్మ. అలా అన్నదే గానీ, ఆయన లేచి బస్సెక్కుతుంటే వెనకనుంచి చూస్తూ, ఈ మనిషి ఇంత ఎండలో ఇంత దూరం ఎందుకొచ్చాడు, దీని అడుగున ఏముంది అనే లెక్కలేసుకుంది.

విచారణ షెడ్డులోనే జరిగింది. మేడం చిన్న వయసుది, నెమ్మదైన మనిషి. ఆఫీసు తరఫున ఒక సారు వచ్చి, సస్పెండైన మనిషి మాటకి విలువేమిటని ముందే అనేశాడు. బాషా స్తంభానికి దూరంగా నిలబడ్డాడు. మేడం కాసులమ్మని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోమంది. ఆవిడ ఎప్పుడూ కుర్చీలో కూర్చోలేదు, కాళ్ళు నేలకి అందీ అందక వేలాడాయి. చుట్టూ పేటంతా నిలబడి ఉంది.

"కప్పు పోసినరోజు ఈయన పని ఆపించాడా అమ్మా?"

"ఆపించినాడమ్మా."

"ఎందుకు?"

చూసింది చూసినట్టు చెబితే అక్కడితో సరిపోయేది. తెల్దమ్మా అంటే సరిపోయేది. కానీ పేటంతా తన నోటివంకే చూస్తోంది. ఎక్స్‌రే అన్న అప్పలరాజు పక్కనే ఉన్నాడు. తెలియదు అనడం కాసులమ్మకి అలవాటు లేదు.

"వాటా కాడ తగువమ్మా. తక్కువిచ్చినారని టోపీ ఇసిరినాడు. అటు తీసుకెళ్ళి సూసుకున్నారు. మళ్ళీ మొదలెట్టినారు."

"నువ్వు విన్నావా?"

"ఇన్నాను."

మేడం రాసుకుంది. బాషా కాదని అరవలేదు, అబద్ధమని తిట్టలేదు. ఆవిడవంక చూశాడు. ఆ చూపు కాసులమ్మ దాటి ఎక్కడికో వెళ్ళిపోయింది. ధనశ్రీ చిన్నగా, "అత్తా, మిసనాడతంటే ఇనపడతాదేటి?" అంది, పక్కనున్న కాసులమ్మకి మాత్రం వినపడేటట్టు. కాసులమ్మ వినలేదన్నట్టు ఊరుకుంది.

షెడ్డు అలాగే ఉంది. ఎర్రచారలమీద ఆఫీసువాళ్ళు సున్నం కొట్టించారు. తెల్లగా బావుందని అందరూ అన్నారు.

దసరా వెళ్ళాక ముసురు పట్టింది. సముద్రం బురదరంగుకి తిరిగింది, పడవలు ఒడ్డుకి లాగేశారు. అయినా ముందురోజు పట్టిన నెత్తళ్ళు, కానాగంతలు ఉన్నాయి. కప్పు ఉంది కాబట్టి వానలోనూ బేరం సాగుతోంది. షెడ్డు లేకపోతే ఈపాటికి ఏమయ్యేవాళ్ళమో అని తాయారు అంటూనే ఉంది. ధనశ్రీ కత్తిపీటమీద ఒకావిడకి చందువ కోస్తోంది. టప్పుమని చప్పుడు, గుమ్మడికాయ నేలకేసి కొట్టినట్టు. దూలం అంచు ఊడి పడింది. సున్నం తెల్లగా, లోపల చువ్వ ఎర్రగా, పొట్టుపొట్టుగా. దాని కింద ధనశ్రీ కుడిచెయ్యి.

ఆ పిల్ల కేక వెయ్యలేదు. చెయ్యి వంక చూసి, "అత్తా, దీన్ని తియ్యి" అంది. కాసులమ్మా తాయారూ కలిసి పెచ్చుని ఎత్తారు. మోచేతికి కింద చెయ్యి ఉండవలసిన తీరులో లేదు.

ఆస్పత్రిలో కట్టుకట్టారు, లోపల ప్లేటు వెయ్యాలన్నారు. వేళ్ళు మళ్ళీ ముడుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. కుడిచేత్తో కత్తిపీట పట్టుకోలేని చేపలమ్మాయికి పేటలో ఏం పని ఉంటుందో కాసులమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మర్నాడు బాషా వచ్చాడు, చేతిలో బత్తాయిల సంచి. కాసులమ్మ మంచం పక్కన కూర్చుని ఉంది. లేచి పోదామనుకుంది. తలుపు ఆయన వెనకాల ఉంది. పైటకొంగు తీసి మొహంమీదికి లాక్కుంది, కొత్తకోడలిలా.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు ఆయన ధనశ్రీతో.

"మీరు సెప్పినట్టే అయింది బాబూ. నాను నమ్మినాను మిమ్మల్ని."

"సంతకం పెట్టింది నేనే కదమ్మా" అన్నాడు ఆయన. "నా సంతకమే నీమీద పడింది."

కాసులమ్మవైపు ఒక్కసారి కూడా తిరగలేదు. ఒక తిట్టు తిట్టి ఉంటే ఆవిడ ప్రాణం కుదుటపడేది. పేటలో తిట్టుకి తిట్టుంది, మాటకి మాటుంది. ఈ ఊరుకోవడానికి ఏం బదులివ్వాలో ఎవరూ నేర్పలేదు.

పేటలో తప్పు చేసినవాళ్ళు పెద్దలముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలి. కులపెద్ద తప్పు వేస్తాడు, అంటే జరిమానా, అది పోలమ్మ గుడికి కట్టాలి, ఆపైన ఎవరూ ఆ మాట ఎత్తకూడదు. పక్కవాడి వల కోసినవాళ్ళూ, మాట తప్పినవాళ్ళూ అలాగే బయటపడ్డారు. కాసులమ్మ అరుగు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"అప్పలరాజూ, నాకు తప్పెయ్యి."

"నీకేటి తప్పత్తా? పెద్దదానివి. సెడ్డు కూలితే నువ్వేటి సేత్తావు?"

"ఇన్నాను అన్నాను. నాను ఇన్నేదు. మిసనాడతంది, కెరటాలాడతన్నాయి, నాకేటి ఇనపడతాది? టోపీ ఇసరడం సూసినాను, బొండాలు తాగడం సూసినాను. మజ్జినున్నది నా సొంతం."

అప్పలరాజు అటూ ఇటూ చూశాడు. "మాకందరికీ అలగే అనిపించింది కదత్తా. నువ్వొక్కదానివేటి? ఇంటికెళ్ళు. ముసురులో తిరక్కు." ఆవిడకి తప్పు వేస్తే, తలలూపినవాళ్ళందరికీ వెయ్యాలి. ఆ సంగతి ఆయనకీ తెలుసు, అరుగుమీద కూర్చున్నవాళ్ళకీ తెలుసు. ఎవరో కాఫీ తెమ్మన్నారు. కాసులమ్మ తాగకుండానే వచ్చేసింది.

అసలు సంగతి తరవాత బయటపడింది. పెచ్చు ఊడాక ఆఫీసు మాట మార్చింది. షెడ్డు బాగోలేదు, నిజమే. బాగుందని సంతకం పెట్టింది కరీం బాషా, కవరు తీసుకున్నానని నోటితో ఒప్పుకుంది కరీం బాషా, కాంట్రాక్టరుతో వాటాకోసం తగువాడాడని పేట మనిషే సాక్ష్యం చెప్పింది. కాబట్టి నేరమంతా ఆయనదే. చువ్వలకోసం పని ఆపానని ఆయన అంటే, ఆపింది వాటాకోసమని కాసులమ్మ మాట ఎదురుగా నిలబడింది. కప్పు పోసినరోజు పైనుంచి ఫోను చేయించి పని సాగించిందెవరో, పేరుతో సహా ఆయన చెప్పాడట. ఎవరూ పట్టించుకోలేదు.

ఈ మాటలన్నీ ధనశ్రీ చదివి చెప్పింది, ఎడమచేత్తో ఫోను పట్టుకుని.

రెండోసారి విచారణ ఊళ్ళో, ఆఫీసులో. కాసులమ్మ పిలవకుండానే వెళ్ళింది, తాయారుని తోడు తీసుకుని. ఏనాడో వాసనతో గెలిచిన మెట్లలాంటి మెట్లే, ఈసారి ఉత్తచేతులతో రెయిలింగు పట్టుకుని ఎక్కింది. బాషా బల్లకి ఒక పక్క ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఆఫీసు సారు ఇంకో పక్క.

"అమ్మా, మేడమ్మా, ఆ పొద్దు నాను అబద్దం సెప్పినాను" అంది కాసులమ్మ, ఎవరూ అడక్కముందే.

మేడం కలం ఆపింది. "వాటా గొడవ అన్నారు కదా? విన్నానన్నారు."

"ఇన్నేదమ్మా. మిసను సప్పుడు. ఈ బాబు సువ్వలమీద కొట్టినాడు, టోపీ ఇసిరినాడు, అంతే సూసినాను."

"మరి అలా ఎందుకు చెప్పారు?"

కాసులమ్మ చెప్పింది. గంప సంగతి చెప్పింది. అడుగున మెత్తవి, పైన మంచివి. ఎవరూ మెత్తచేప పైన పెట్టరు, ఈ బాబు పెట్టాడు, అందుకని అడుగున ఇంకా కుళ్ళింది ఉందనుకున్నానని. చెబుతుంటే గదిలో ఎవరో పకాలున నవ్వి ఆపుకున్నారు. తనకే వినపడుతోంది, ఆ మాట ఎంత చిన్నదో. పేట అరుగుమీద గొప్పగా ఉన్న మాట, ఫాను కింద బల్లముందు ఈగలా గింగిరాలు తిరిగింది.

"నా గంప అలగుంటాది గాబట్టి మడుసులందరూ అలగే ఉంటారనుకున్నానమ్మా. ఆ బాబు గంపలో అడుగూ పైనా ఒకటే."

ఆఫీసు సారు గొంతు సవరించుకున్నాడు. "మేడం, అప్పుడు విన్నానంది, ఇప్పుడు వినలేదంటోంది. ఇప్పుడు పిల్లకి దెబ్బ తగిలింది కాబట్టి మాట మారింది. రేపు ఇంకోటి అంటుంది. ఏ మాట నమ్మమంటారు?"

ఆయన మర్యాదగానే అన్నాడు. అందులో తప్పు పట్టుకోడానికి కాసులమ్మకి ఏమీ దొరకలేదు. తనే ఆ కుర్చీలో ఉంటే అదే అనేది, ఇంకా రుచిగా అనేది.

"రెండు మాటలూ రాసుకుంటాను" అంది మేడం. "ఏది ఎంత బరువో పైవాళ్ళు చూస్తారు." వేలిముద్రకి బదులు సంతకం చెయ్యడం వచ్చా అని అడిగింది. కాసులమ్మ బొటనవేలు చాచింది. ఇంకు ఒత్తుతుంటే, క్వార్టర్ల అమ్మగార్లు అడుగుచేపని ఇదే వేలితోనే కదా నొక్కేది అని తోచింది.

బయట మెట్లమీద బాషా కనపడితే, తాయారు ఆగింది. "బాబూ, మా అప్ప సెప్పేసింది. తేలిపోతాది కదా ఇంక?"

"తేలదమ్మా ఇప్పట్లో" అన్నాడు ఆయన. కాసులమ్మ చేతులు జోడించబోయింది. ఆయన ఆటో పిలుస్తూ రోడ్డుమీదికి దిగిపోయాడు. చూశాడో లేదో.

షెడ్డు చుట్టూ తాడు కట్టి, లోపలికి రావద్దని బోర్డు పెట్టారు. పేట ఆడవాళ్ళు మళ్ళీ ఇసకలోకి వచ్చారు. ఎవరూ కాసులమ్మని ఒక్క మాట అనలేదు. పెళ్ళివారొచ్చినప్పుడు పిలవడం మాత్రం మానేశారు. ఒకసారి తనే వెళ్ళి కూర్చుంటే, పిల్లాడెలా ఉన్నాడని ఎవరూ ఆవిడనడగలేదు. అదే నయమనుకుంది. అడిగితే ఏం చెప్పాలో ఆవిడకీ తెలియదు. ధనశ్రీ వచ్చి పక్కనే కూర్చునేది, ఎడమచేత్తో చేపలు తూచడం నేర్చుకుంటోంది. కొయ్యడం కాసులమ్మే కోసి పెట్టేది, తన బేరం ఆపుకుని. ఆ పిల్ల వద్దనేది కాదు, థాంక్సనేది కాదు.

మాఘంలో ఒక పొద్దున స్తంభాలకి కన్నాలు పొడిచి చూడ్డానికి ఆఫీసువాళ్ళు వచ్చారు, బాషాని కూడా పిలిపించారు. పని అయ్యాక అందరూ కార్లెక్కిపోతే, ఆయన బస్సుకోసం నడుస్తూ ఆడవాళ్ళ వరసవైపు వచ్చాడు. ఖాళీ సంచి చేతిలో ఉంది. కాసులమ్మ గంప ముందే ఆగాడు. ఎవరి గంపో చూసి ఆగాడో, కానాగంతలు చూసి ఆగాడో.

"ఎలా ఇస్తున్నావమ్మా?"

అమ్మబోయే ధర కన్నా ఎంత పెంచి మొదలెట్టాలో పేటలో పుట్టిన ప్రతి ఆడపిల్లకీ తెలుసు. కాసులమ్మ ఆ పెంపు లేకుండా, తను ఎంతకి ఇవ్వగలదో ఆ ధరే చెప్పింది. పక్కన తాయారు తలతిప్పి చూసింది.

బాషా నవ్వలేదు, కోపగించుకోలేదు. అందరూ చేసినట్టే చేశాడు. సంచి కింద పెట్టి గొంతుక్కూర్చుని, చెయ్యి గంప అడుక్కంటా పోనిచ్చి ఒకటి పైకి లాగి, బొటనవేలితో నొక్కాడు. గట్టిగా ఉంది. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి లాగాడు. అదీ గట్టిగానే ఉంది. ఆ రోజు గంపలో నిన్నటి చేప ఒక్కటీ లేదు. ఆ మాట కాసులమ్మ నాలికమీదికి వచ్చింది. నమ్ము బాబూ అని ఏ నోటితో అంటుంది? ఆయన ఇంకో రెండు లాగి చూస్తున్నంతసేపూ, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"సగానికి ఇస్తావా?" అన్నాడు.

"అదేటి బాబూ, ఇయ్యాళ సేప సూడు ఎలగుందో, మా అప్ప సెప్పిందే అసలు..." అంటూ తాయారు అందుకుంది. కాసులమ్మ చెయ్యెత్తి ఆపింది. చేపలు తూచి సంచిలో వేసింది. సగానికే.

ఆయన ఇసకలో నడిచి రోడ్డెక్కేదాకా తలెత్తలేదు. తరవాత, ఆయన బయటికి లాగిన వాటిలో మిగిలిన చేపల్ని కడిగి గంపలో మళ్ళీ పేర్చబోయింది. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఒకదాన్ని అడుగున పెట్టి, తీసి పైన పెట్టి, మళ్ళీ తీసింది. కొనేవాళ్ళు వచ్చి నిలబడేదాకా కాసులమ్మ ఆ చేప చేత్తో పట్టుకునే ఉంది.